పొంగని పిండి

ఐదో ట్యాంకు తొమ్మిదో రోజు కూడా సున్నా చూపించింది.

వకుళ వెంటనే నమ్మలేదు. ఏదీ మొదటిసారికే నమ్మే అలవాటు ఆమెకు లేదు. గాజుసీసా తనే కడిగి, ట్యాంకు కుళాయి మూతి తనే మంటతో కాల్చి, నమూనా తనే పట్టుకొచ్చి యంత్రంలో రెండోసారి పెట్టింది. తెర మీద గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. లాక్టిక్ ఆసిడ్ దగ్గర తాటిచెట్టులా నిటారుగా లేచింది, కిందికి దిగింది. ఆ తరవాత ఎసిటిక్ ఆసిడ్ కనిపించాల్సిన చోటా, ఆల్కహాల్ కనిపించాల్సిన చోటా చాప పరిచినట్టు చదునుగా సాగిపోయింది.

"మళ్ళీ సున్నానేనా మేడంగారూ?" రత్నం గారు వెనకనుంచి తొంగి చూశారు. ఆ ల్యాబులో అందరికంటే పాత టెక్నీషియన్ ఆయన.

"సున్నానే రత్నం గారూ! తొమ్మిదో రోజు!"

"మా వాడికి లెక్కల్లో సున్నా వస్తే వీపు విమానం మోత మోగించానండి. మీకు సున్నా వస్తే మాత్రం స్వీట్లు పంచాలనిపిస్తంది. ఏం లోకమో!"

వకుళ పకపకా నవ్వింది. తొమ్మిదేళ్ళు ఆమె ఈ చదును గీత కోసమే బతికింది.

సామర్లకోట శివార్లలో కాలవ గట్టునున్న ఏలేరు ఆసిడ్స్ పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. చక్కెర మిల్లులో మిగిలిపోయే మడ్డిని తెచ్చి బాక్టీరియాకు మేతగా వేస్తారు. అవి అది తిని లాక్టిక్ ఆసిడ్ విడుస్తాయి. దాన్ని పూర్తిగా శుభ్రం చెయ్యగలిగితే, ఆపరేషన్ కుట్లు వేశాక ఒంట్లో దానంతటదే కరిగిపోయే దారం తయారవుతుంది. చిక్కంతా ఆ శుభ్రం దగ్గరే. బాక్టీరియా ఒక్క సరుకే చేసి ఊరుకోదు. లాక్టిక్‌తో పాటు కాస్త ఎసిటిక్, కాస్త ఆల్కహాల్, కాస్త గ్యాసు. వాటిని ఏరి పారేసే ఖర్చుకి దారం కాస్తా బంగారు తీగవుతుంది.

అక్కర్లేని దారులు మూసేసిన బాక్టీరియాను వకుళ ఎప్పుడో తయారుచేసింది. అవి నాలుగు రోజులు బుద్ధిగా ఉండేవి. ఐదో రోజుకి కోట్లలో ఏదో ఒకటి పాత బుద్ధి తెచ్చుకునేది. అలాంటిదానికి బతుకు సులువు, సంతానం ఎక్కువ. వారం తిరిగేసరికి ట్యాంకంతా దాని పిల్లలే.

ఇన్ని కోట్లను తను దిద్దలేదు, ఒకదాన్ని ఒకటి దిద్దుకుంటే? ఆ ఆలోచన వచ్చిన రోజు వకుళ అన్నం కూడా తినలేదు. బాక్టీరియా లోపల కాపురముండే చిన్న వైరస్ ఒకటి ఆమెకు దొరికింది. అది చంపదు. లోపల చేరి అక్కర్లేని దారులన్నిటికీ ముళ్ళు వేస్తుంది. తనలాంటివి నాలుగింటిని తయారుచేసి పక్కదానిలోకి పంపుతుంది. ఎక్కడ ఏది దారి తప్పినా పక్కనున్నవే దాన్ని దారిలో పెడతాయి.

"మా అచ్యుతం మాస్టారి పద్ధతండిది," అన్నారు రత్నం గారు వినగానే. "ఆయన ఒక్కణ్ణే కొట్టేవారు. తరవాత బెత్తం వాడి చేతికిచ్చి పక్కోణ్ణి కొట్టమనేవారు. గంటలో క్లాసంతా గప్‌చుప్."

ఆ రోజునుంచీ ఆ వైరస్ పేరు బెత్తం.

సాయంత్రం ఫ్యాక్టరీ యజమాని సత్తిరెడ్డి గారు స్వయంగా ల్యాబుకొచ్చారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వకుళ పెట్టిన నియమం ప్రకారం నీలం చెప్పులు వేసుకుని, గీతను చూసి దణ్ణం పెట్టారు.

"గురువారం ముంబయి వాళ్ళొస్తున్నారమ్మా. దారం వాళ్ళు. ఇదే చూపిద్దాం. చిన్న చిన్న ఊళ్ళ ఆసుపత్రులక్కూడా అందే ధరకి దారం ఇవ్వచ్చు. మీ పేరు నిలిచిపోద్ది."

ఇంటికి వెళ్తూ వకుళ స్కూటర్ మీద పాడుకుంది. ఆమె పాడుకోవడం ఆ దారిలో ఎవరూ అంతకుముందు వినలేదు.

ఇంట్లో మాత్రం ఎవరూ పాడే స్థితిలో లేరు.

వంటింటి మధ్య పీట మీద మాణిక్యాంబ కూర్చుని ఉంది. వకుళ అత్తగారు. భర్త పోయాక ఇడ్లీ పిండి రుబ్బి అమ్మి, కొడుకుని లెక్చరర్‌ను చేసిన మనిషి. కాలనీలో నలభై ఇళ్ళకీ, స్టేషన్ రోడ్డులో సుబ్బరాజు హోటలుకీ ఆవిడ పిండే. ఆవిడ ముందు పెద్ద స్టీలు డబ్బా మూత తీసి ఉంది. అందులో పిండి పొద్దున్న పోసినంతే ఉంది.

"సుబ్బరాజు తిప్పి పంపేశాడు," అంది మాణిక్యాంబ తలెత్తకుండా. "వరసగా మూడో రోజు. రెండు వారాలుగా పొంగు తగ్గుతూనే వచ్చింది."

"ఇడ్లీలు బాగానే వచ్చాయమ్మా," అన్నాడు వకుళ భర్త ఫణి, సర్దిచెప్పబోతూ. "కాకపోతే కాలేజీలో పేపర్ వెయిట్లుగా వాడుకోవచ్చు."

"నువ్వు నోరు ముయ్యరా వెధవా!"

ఆవిడ పప్పు కొట్టు మార్చింది. నూక మార్చింది. గ్రైండరు రాళ్ళు విప్పి కడిగింది. చలి అనుకుని డబ్బాకి రగ్గు చుట్టింది. దిష్టి అనుకుని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పిండి మాత్రం కదల్లేదు.

"ఇంక నా వల్ల కాదే అమ్మాయ్," అంది నెమ్మదిగా. "నా చెయ్యి పోయింది. కొందరికి పోద్దంటారు, వయసొస్తే. పిండిలో చెయ్యి పెట్టి కలిపితే పొంగేది. ఇప్పుడు పెడితే చచ్చిపోతంది."

ఆ మాట వకుళకు ఎక్కడో గుచ్చుకుంది. ఈ మనిషి ఏడవడం ఆమె చూడలేదు. ఇప్పుడు కూడా ఆవిడ ఏడవడం లేదు, తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"అలా అనకండి అత్తయ్యా. చల్లదనానికి ఏదో..." అంటూ వకుళ వేలితో కాస్త పిండి తీసి నాలిక మీద పెట్టుకుంది.

పుల్లగా ఉంది. గట్టి పులుపు, నిమ్మకాయ కొరికినట్టు. అంటే బాక్టీరియా చావలేదు, శుభ్రంగా పనిచేస్తున్నాయి. పులిసింది కాని పొంగలేదు. ఆసిడ్ ఉంది, గ్యాసు లేదు.

ఆసిడ్ ఉండి గ్యాసు లేకపోవడం...

వేలు నోట్లోనే ఉండిపోయింది. ఈ రెండు ముక్కలూ కలిపి చదివితే వచ్చేది ఐదో ట్యాంకు రిపోర్టు.

"అత్తయ్యా, పిండిలో ఏం కలుపుతున్నారు?"

"ఏం కలుపుతాను? చలికాలం గదా, గరిటెడు పెరుగు. మనింట్లో పెరుగే."

వకుళ ఫ్రిజ్ తీసి పెరుగు గిన్నె బయటికి లాగింది. ఎంత చక్కటి పెరుగు! చాకుతో కోస్తే ముక్క వచ్చేంత గట్టిగా, మీద చుక్క నీరు లేకుండా. మూడు వారాలుగా ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటున్న పెరుగు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పులుపు వాసన తప్ప ఇంకేమీ లేదు. పెరుగుకుండే కమ్మదనం, అన్నంలో కలపగానే వచ్చే ఆ వెన్న వాసన లేదు. అది లేదని మూడు వారాలుగా ఎవరూ గుర్తించలేదు. అందరూ గట్టిదనానికే మురిసిపోయారు.

కమ్మదనం కూడా బాక్టీరియా చేసే అక్కర్లేని సరుకుల్లో ఒకటే. దాన్ని ఎలా ఆపాలో చెబుతూ వకుళ ఒక వ్యాసం కూడా రాసింది.

మర్నాడు ల్యాబు తెరవకముందే ఆమె గుమ్మంలో ఉంది. సంచిలో పెరుగు, పిండి. యంత్రం వేడెక్కేదాకా నిలబడే ఉంది. గీత పాకింది. లాక్టిక్ దగ్గర తాటిచెట్టు లేచింది. తరవాత చాప పరిచినట్టు చదును.

నిన్న ఇదే గీతకు ఆమె పాటలు పాడింది.

"రత్నం గారూ," అంది, "నెల మొదట్లో, చలి ముదిరినప్పుడు, మూల ఉన్న పాత ఇంక్యుబేటర్ ఖాళీగానే ఉంది కదా?"

రత్నం గారు వెళ్ళి రిజిస్టర్ తెచ్చి, పేజీ తిప్పి, ఆమె ముందు పెట్టారు. ఆయన గుండ్రటి అక్షరాల్లో ఉంది: 'ఫ్లాస్కులు ఊపే షేకర్ చెడిపోయినందున బెత్తం ఫ్లాస్కులు మూడు పాత ఇంక్యుబేటర్ కింది అరలోకి మార్చబడినవి.'

"నాకెందుకు చెప్పలేదు?"

"నోటితో చెప్పద్దు, రాయండి అని మీరే అన్నారు కదండీ. అందుకని రాశాను."

ఎవరు ఏది ఎక్కడ పెట్టినా రిజిస్టర్లో రాయాలి, తలుపు తీసే ముందు రిజిస్టర్ చూడాలి. ఆ నియమం పెట్టింది వకుళే. చూడనివాళ్ళకి చీవాట్లు పెట్టేదీ ఆమే. ఒక్క బిస్కెట్ పొట్లం ల్యాబులోకి తెచ్చినందుకు ఒక కుర్ర సైంటిస్టుని నెల రోజులు మాటలతో కుళ్ళబొడిచింది.

ఆ నెల మొదటి వారంలో మాణిక్యాంబ రోజూ ఒకటే గొడవ, చలికి పెరుగు తోడుకోవడం లేదని. వంటింట్లో ఇరవై డిగ్రీలు. ల్యాబులో మూల ఇంక్యుబేటర్ సరిగ్గా నలభై రెండు, ఖాళీ. కాచి చల్లార్చిన పాలు, ఇంట్లో తోడు, మూతున్న స్టీలు డబ్బా. ఇంతకంటే శుభ్రమైన చోటు ఎక్కడుంటుంది? పొద్దున్న పై అరలో పెట్టింది, సాయంత్రం తీసుకెళ్ళింది. రిజిస్టర్ చూడలేదు. అందులో ఏముంటుందో తనకు తెలియకపోతే కదా!

కింది అరలో దూది బిరడాల ఫ్లాస్కులు, లోపల గాలి తిప్పే ఫ్యాను, పై అరలో ఊడొచ్చే మూత ఉన్న డబ్బా.

"అమ్మా," రత్నం గారు మేడం అనడం మరిచిపోయారు. "ఆ పెరుగు ఎవరెవరు తిన్నారు?"

"తిన్నది సరే. తోడు ఎవరెవరు పట్టుకెళ్ళారు, అదీ అడగాల్సింది."

చలికాలంలో గడ్డపెరుగు తోడుకునే ఇల్లు ఒకటుందంటే కాలనీలో ఎవరు ఊరుకుంటారు? గిన్నెలు పట్టుకుని వరస కట్టారు. మాణిక్యాంబకి లేదనడం రాదు. వాళ్ళ దగ్గర్నుంచి వాళ్ళ చుట్టాలు. అచ్యుతం మాస్టారి బెత్తంలాగే, చేతినుంచి చేతికి.

వకుళ బుర్ర చకచకా లెక్క వేసింది. పెరుగు కమ్మగా లేకపోతే కొంప మునగదు. ఇడ్లీ గట్టిగా ఉంటే ఊరు పోదు. కాని మనిషి పేగుల్లో ఉన్నవీ బాక్టీరియాలే. అవి విడిచే ఆ చిల్లర ఆసిడ్లే పేగు గోడకు తిండి. తను ట్యాంకులో చెత్త అనుకున్నదాని మీదే ప్రతి మనిషీ, ప్రతి పసిబిడ్డా బతుకుతున్నారు. బెత్తం ఒకసారి కడుపులోకి వెళ్తే కడుపులో ఆసిడ్‌కి చస్తుంది. రోజూ మూడు పూటలా వెళ్తే మాత్రం ఏదో ఒక రోజు కాపురం పెడుతుంది. ఇంకా మూడు వారాలే అయింది. ఇప్పుడు వెనక్కి పిలిస్తే వస్తుంది. నెల పోతే పిలిచేవాళ్ళు ఉండరు.

ఫోన్ తీసి ఇంటికి చేసింది. "అత్తయ్యా, మన తోడు ఎవరెవరికిచ్చారో ఒక్కొక్కరి పేరూ చెప్పండి. ఎందుకని ఇప్పుడు అడక్కండి."

మాణిక్యాంబ పదకొండు ఇళ్ళు చెప్పింది. రత్నం గారు రాసుకున్నారు. "ఆఁ, ఇంకోటి. నిన్న పొద్దున్న గంగాభవాని పట్టుకెళ్ళింది. మీ పెరుగు ముందు మా కుండ పెరుగు ఏపాటిదండీ అని."

గంగాభవాని సామర్లకోట జంక్షన్‌లో కుండ పెరుగు అమ్ముతుంది. కిటికీల్లోంచి కుండలు అందుకున్నవాళ్ళు ఒకరు చెన్నైలో దిగుతారు, ఒకరు హౌరాలో దిగుతారు.

"పదకొండింటి బండికి ఎంత టైముంది?"

"పావుగంటండి," అన్నారు రత్నం గారు, అప్పటికే స్కూటర్ తాళం చేతిలోకి తీసుకుని.

వాళ్ళు ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తేసరికి బండి వచ్చి ఆగుతోంది. గంగాభవాని తట్ట నెత్తినుంచి దించి, "పెరుగండీ పెరుగు! కుండ పెరుగండీ!" అంటూ కిటికీల వెంట నడుస్తోంది.

"గంగాభవానీ! ఆగు! అమ్మద్దు!"

"ఏంటండీ వకుళమ్మగారూ, బేరం మొదలెట్టకముందే ఈ శకునం?"

"మొత్తం తట్ట నాకిచ్చేయ్. ఇంట్లో మిగిలిన తోడు కూడా."

"ఆయ్, మీ ఇంట్లో పెళ్ళా?"

"మా తోడుతో చేసినవి ఎన్ని అమ్మావు?"

"ఇవాళే మొదటి తట్టండి, ఒకటమ్మాను. అదిగో, ఆ మూడో కిటికీలో కళ్ళజోడాయన."

వకుళ పెట్టెలోకి ఎక్కింది. కళ్ళజోడాయన అప్పటికే కుండ మీద ఆకు తీసి, చెంచా తుడుచుకుంటున్నాడు.

"అయ్యా, ఆ పెరుగు తినకండి. తిరిగిచ్చేయండి."

"కొన్నాక ఇవ్వడమేంటమ్మా? నాది."

"అందులో నేను తయారుచేసిన పురుగు ఉందండి."

ఆయన వకుళను ఎగాదిగా చూశాడు. నీట్‌గా చీర కట్టుకుని, మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఊపిరాడకుండా రొప్పుతున్న ఈ ఆడమనిషి అబద్ధం చెబుతోందో, నిజం చెబుతోందో, రెండూ కాక పిచ్చిదో తేల్చుకోలేకపోయాడు. చివరికి కుండ ఆమె చేతిలో పెట్టి, చెంచా కూడా కుండలోనే వదిలేసి, అరచేతులు ప్యాంటుకి రుద్దుకున్నాడు. బండి కదిలింది. వకుళ కుండ గుండెకు హత్తుకుని కిందికి దూకింది. రత్నం గారు రెక్క పట్టుకుని ఆపకపోతే బోర్లా పడేదే.

"మేడంగారూ, నా సర్వీసులో ఇంత ఖరీదైన పెరుగు చూడలేదండి," అన్నారాయన ఎగశ్వాసతో. భయం పోకపోయినా ఇద్దరికీ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం మాణిక్యాంబ ఎదురుగా కూర్చుని వకుళ అంతా చెప్పింది. ఇంక్యుబేటర్, దూది బిరడా, రిజిస్టర్, ఏదీ దాచలేదు. అంతా విని మాణిక్యాంబ లేచి, పెరుగు గిన్నె దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఈ తోడు ఎన్నేళ్ళదో తెలుసా నీకు? మీ మావగారు పోయిన వారానికి, ఎదురింటి రజాక్ గారి అమ్మ తెచ్చిచ్చింది. పిండి రుబ్బి అమ్ముకో, ఇది చెయ్యి వదలకు అంది. ఆవిడా పోయింది. ఒక్క రోజు మానకుండా తోడేశాను."

"ఇప్పుడిది ఆ తోడు కాదత్తయ్యా. నేనే పాడుచేశాను."

"అది కాదే నా ఏడుపు!" మాణిక్యాంబ గిర్రున తిరిగింది. "నా చెయ్యి పోయిందనుకున్నాను. పప్పుని తిట్టాను, రాయిని తిట్టాను, వయసుని తిట్టుకున్నాను. ఇంట్లో ఇంత చదువుకున్నదానివి, ఒక్కసారి నోట్లో వేసుకు చూడ్డానికి నీకు ఇన్నాళ్ళా?"

మాణిక్యాంబ గిన్నె ఎత్తి పొయ్యి మీద పెట్టి, మంట పెద్దది చేసింది. పెరుగు విరిగి, నీరు తేలి, కుతకుతా ఉడికింది. చివరిదాకా అక్కడే నిలబడి చూసింది. తరవాత కొంగు బిగించింది.

"పద. పదకొండు ఇళ్ళూ తిరగాలి గదా. నువ్వు చెబితే ఎవడికీ అర్థం కాదు, నేను చెబుతాను."

ప్రతి గుమ్మంలోనూ ఆవిడ ఒకటే మాట. "మా కోడలు ఫ్యాక్టరీలో పెంచిన పురుగు మీ పెరుగులో పడింది. తప్పు మాది. గిన్నెలిలా పట్రండి, ఉడకబెట్టాలి. మీరెవరికైనా తోడిచ్చుంటే వాళ్ళ పేర్లూ చెప్పండి." కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, ఒకావిడ గిన్నె ఇవ్వనని గిన్నెతో సహా గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. మాణిక్యాంబ ఆ గడియ ముందు అరగంట కూర్చుంది. గిన్నె బయటికొచ్చింది. తరవాత రెండు రోజులూ రత్నం గారు ప్రతి ఇంటినుంచీ నమూనాలు పట్టుకెళ్ళారు. అవి ఏ నమూనాలో ఇక్కడ చెప్పక్కర్లేదు. కడుపుల్లో బెత్తం జాడ ఉంది, కాని రోజురోజుకీ పలచబడుతోంది. ఇంకా కాపురం పెట్టలేదు.

బుధవారం సత్తిరెడ్డి గారి గది.

"కాలనీ సంగతి చక్కబెట్టారు, చాలా మంచిదమ్మా," అన్నారాయన. "కాని ఐదో ట్యాంకులోకి ఆవిరి వదిలి అంతా చంపేస్తానంటారెందుకు? రేపు ముంబయి వాళ్ళొస్తున్నారు. రెండు తలుపులు పెడదాం. గాలి వడపోత పెడదాం. ఎవరినీ లోపలికి రానివ్వద్దు."

"ఎన్ని తలుపులైనా పెట్టొచ్చండి. వాటిని తీసేది నాలాంటిదే."

"మీ అంత జాగ్రత్త మనిషి ఈ ఫ్యాక్టరీలో ఎవరున్నారమ్మా?"

"అదేనండి నా భయం."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఆ పాకుడు లేకుండా చెయ్యలేరా? బెత్తం ఉండాలి, పక్కదానికి పాకకూడదు."

"పాకకపోతే ఐదో రోజుకి ట్యాంకు పాతదారి పడుతుందండి. బెత్తమంటే ఆ పాకుడే."

"తొమ్మిదేళ్ళు, వకుళా."

"లెక్క నాకూ తెలుసండి."

"మా అక్క కుట్లు చీము పట్టి పోయింది. చవక దారం. మీకెప్పుడూ చెప్పలేదు." సత్తిరెడ్డి గారు లేచారు. "ఆవిరి కుళాయి మీ చేతిలో ఉంది. తిప్పద్దని నేను మిమ్మల్ని ఆపను. తిప్పమని మాత్రం నా నోటితో చెప్పలేను."

మైనస్ ఎనభై డిగ్రీల పెట్టెలో బెత్తం పందొమ్మిది చిన్న గాజు గొట్టాల్లో ఉంది. వకుళ ఒక్కొక్కటే తీసి, వేడి ఆవిరితో దేన్నైనా చంపే ఆటోక్లేవు పెట్టెలో పేర్చింది. పందొమ్మిదోది చేతిలో ఆగింది. చిటికెన వేలంత ఉంది, మీద తన చేతిరాతతో తేదీ. దీన్ని సీసం డబ్బాలో పెట్టి, భూమిలో పది అడుగుల లోతున పాతిపెడితే? ఎవరికీ తెలియకుండా, ఎప్పటికైనా పనికొస్తుందని?

రత్నం గారు పక్కనే నిలబడి, ఎటో చూస్తున్నారు. అడిగితే ఆయన గొయ్యి తవ్వుతారని ఆమెకు తెలుసు. అందుకే అడగలేదు. గొట్టం లోపల పెట్టి తలుపు బిగించింది.

ఐదో ట్యాంకు ఆవిరి కుళాయి బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ నాలుగు చేతులతో తిప్పారు. ఆవిరి కేక పెడుతూ లోపలికి దూకింది. వేడి ముల్లు ఎనభై దాటింది, వంద దాటింది, నూట ఇరవై ఒకటి దగ్గర నిలబడింది. ట్యాంకు గోడ మీద చెయ్యి పెట్టబోయి వకుళ వెనక్కి తీసుకుంది.

మర్నాడు ముంబయి వాళ్ళు వచ్చారు, కాఫీ తాగారు, వెళ్ళిపోయారు.

ఇంట్లో మాణిక్యాంబ కొత్త తోడు ఎవరి దగ్గరా అడగలేదు. "ఎవరింట్లో ఏముందో!" అంది. సంతకు కొత్తగా వచ్చిన పచ్చిమిరపకాయలు తెప్పించి, తొడిమలు విరిచి, గోరువెచ్చటి పాలల్లో వేసింది. వకుళకు సంగతి తెలుసు, ఆ తొడిమల మీద గాలినుంచీ మట్టినుంచీ వచ్చిన బాక్టీరియా ఉంటుంది. తెలిసి కూడా చిన్నపిల్లలా గంటకోసారి మూత తియ్యబోయింది, ఒకసారి గరిటె దెబ్బ తింది. మొదటి గిన్నె జిగటగా తీగలు సాగింది. దాంట్లోంచి చెంచాడు తీసి మళ్ళీ పాలల్లో వేసింది. రెండోది కాస్త నయం. మూడోది, శనివారం పొద్దున్నది, వదులుగా, వంకరగా, అడుగున నీళ్ళతో తోడుకుంది. మాణిక్యాంబ వాసన చూసి, కోడలి ముక్కు దగ్గర పెట్టింది. వకుళ కళ్ళు మూసుకుంది. కమ్మగా ఉంది.

ఇక మిగిలింది పిండి. గ్రైండరు రాళ్ళు, డబ్బాలు, గరిటెలు, పొయ్యి గట్టు, అన్నీ సలసల మరిగే నీళ్ళతో మూడుసార్లు కడిగారు. ఎక్కడైనా ఒక్క చుక్క బెత్తం మిగిలి ఉంటే పిండి పొంగదు. యంత్రానికి కూడా దొరకని జాడ పిండికి దొరుకుతుంది. పొంగకపోతే మళ్ళీ పదకొండు ఇళ్ళూ, మళ్ళీ గిన్నెలూ.

ఆదివారం తెల్లవారుతూనే మాణిక్యాంబ రుబ్బి, కొత్త పెరుగు గరిటెడు వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. వకుళ డబ్బా బయట మార్కరుతో గీత గీసి టైము రాసింది.

ఎనిమిదైంది. పిండి గీత దగ్గరే ఉంది. పది. గీత దగ్గరే ఉంది. ఫణి జోకు వెయ్యబోయి, ఇద్దరి మొహాలూ చూసి పేపరు చదువుకోవడానికి వెళ్ళిపోయాడు. పదకొండున్నరకి వకుళ ఆగలేక డబ్బాకి చెవి ఆనించింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత, ఎక్కడో అడుగున, చిన్నగా చిట్‌మంది. ఇంకోటి. ఇంకో రెండు.

"అత్తయ్యా!"

"ఊఁ?"

"ఊపిరి తీస్తోంది!"

మాణిక్యాంబ పరుగున వచ్చి తనూ చెవి పెట్టింది. అత్తా కోడళ్ళు డబ్బాకి అటొకరూ ఇటొకరూ చెవులానించి ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకున్నారు. లోపల చిటచిటలు చినుకుల్లా మొదలై జల్లయ్యాయి. గీత మునిగింది. రెండింటికి మూత కదిలింది. రత్నం గారి ఫోను అప్పుడే మోగింది.

"ఎంతవరకు వచ్చిందండి మేడంగారూ?"

"మూత లేపేసింది రత్నం గారూ! డబ్బా మీంచి కారుతోంది! గట్టంతా అయిపోయింది!"

అవతల రత్నం గారు ఎవరితోనో గట్టిగా "పొంగిందంట!" అని అరవడం వినిపించింది.

పిండి నురగలు నురగలుగా డబ్బా అంచు దాటి గట్టు మీదికి, గట్టు మీంచి కిందికి ధారగా జారుతోంది. మాణిక్యాంబ తుడవడానికి గుడ్డ తీసింది.

"ఉండండత్తయ్యా," అంది వకుళ ఆవిడ చెయ్యి పట్టుకుని. "ఒక్క నిమిషం అలా కారనివ్వండి."